1748 అక్టోబరు 19న మొదలుపెట్టండి

చరిత్రలోని రాజ్యాల్ని నడిపించే గ్రాండ్ స్ట్రాటజీ కంప్యూటర్ ఆటలు తయారుచేసే స్టూడియోల వారికి, ముఖ్యంగా స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ వారికీ, స్పెయిన్‌లో సిట్జెస్‌లో ఉండే వారి టింటో జట్టుకీ ఒక తెలుగు ఆటగాడి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

తర్వాతి చరిత్ర ఆట ఏ సంవత్సరంలో మొదలవ్వాలన్న చర్చ మీ ఆఫీసుల్లో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుందనుకుంటాను. ఆ చర్చలో నా తరఫున కూడా ఒక తేదీ పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. 1748 అక్టోబరు 19. తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ మ్యాప్‌లో గోదావరికీ కృష్ణకీ మధ్యనున్న ప్రావిన్సుల మీద రాత్రి రెండింటిదాకా క్లిక్ చేస్తూ కూర్చునే తెలుగువాళ్లు ఉన్నారు. ఈ తేదీ గురించి ముందు వాళ్లు నాతో గొడవపడాలి. మీ వంతు ఆ తర్వాత.

ఈ ఆటల్లో మొదటి రోజు ఒక్కటే అసలు చరిత్ర. ఎవరు బతికున్నారు, ఎవరి కింద ఎంత నేల ఉంది, ఎవరికి ఎవరంటే పడదు, ఖజానాలో ఎంత ఉంది అన్నవన్నీ ఆ రోజు మీరు పుస్తకాలు తిరగేసి పెట్టినవే. రెండో రోజు నుంచి జరిగేదంతా ఆటగాడి పెత్తనం, ఏఐ అదృష్టం. కాబట్టి మీరు పెట్టే తేదీని బట్టే కొన్ని రాజ్యాలకి ఆటలో బతుకు ఉంటుంది, కొన్ని అసలు పుట్టనే పుట్టవు. ఆ సంగతి మీకు తెలియదని కాదు. కానీ తేదీ ఎంచుకునేటప్పుడు మీ కళ్లు ఎక్కువగా యూరప్ వైపే ఉంటున్నాయి. మిగతా ప్రపంచానికి ఆ తేదీ కలిసొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

కలిసొచ్చిన సందర్భాలు ముందు చెప్తాను, లేకపోతే అన్యాయమవుతుంది. మీ క్రూసేడర్ కింగ్స్ ఆటలో 1066 సెప్టెంబరు 15 ఉంది. హేస్టింగ్స్ యుద్ధానికి ఇంకా నెల రోజుల టైముంది. ఇంగ్లండ్ గద్దె కోసం ముగ్గురు కొట్టుకుంటున్నారు, ఎవరు గెలుస్తారో ఆటకే తెలియదు. ఆ తేదీ మీరు ఇంగ్లండ్ కోసం పెట్టుకున్నారు. అదే రోజు వేంగిలో ఏం జరుగుతోందో చూడండి. నన్నయకి ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడు పోయి కొన్నేళ్లయింది. గద్దె మీద ఆయన సవతి తమ్ముడు విజయాదిత్యుడున్నాడు. నరేంద్రుడి కొడుక్కి తల్లి వైపు నుంచి చోళ రక్తం ఉంది. ఇంకో నాలుగేళ్లలో ఆ కుర్రాడు వెళ్లి ఏకంగా చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడవుతాడు. హేస్టింగ్స్‌కి ఏ మాత్రం తీసిపోని వారసత్వ గొడవ. మేం అడగకుండానే దొరికింది. 2024లో మీరు చేర్చిన 1178 కూడా అంతే. అనుమకొండలో కాకతి రుద్రదేవుడు చాళుక్యుల నీడలోంచి బయటపడి స్వతంత్రుడై పదిహేనేళ్లయిన సమయం అది.

యూరోపా యూనివర్సాలిస్ 5కి, మావాళ్ల మాటల్లో ఈయూ 5కి, 1337 ఏప్రిల్ 1 పెట్టారు. నూరేళ్ల యుద్ధం కోసం, పదేళ్లలో రాబోయే ప్లేగు కోసం పెట్టారనుకుంటాను. దక్కన్‌కి మాత్రం అది జాక్‌పాట్. ఓరుగల్లు పడిపోయి పద్నాలుగేళ్లు. తుగ్లక్ సామ్రాజ్యం దక్షిణాన చేయి జారుతోంది. కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టాడు, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి నిలదొక్కుకున్నాడు, తుంగభద్ర ఒడ్డున హరిహరరాయలు రాజ్యం మొదలుపెట్టి ఏడాది కూడా నిండలేదు, మధురైలో సుల్తాను రెండు మూడేళ్ల కిందటే ఢిల్లీకి ఎదురు తిరిగాడు. బహమనీలు ఇంకా లేరు, 1347లో గానీ రారు. వీళ్లలో ఎవరు మిగులుతారో ఆ రోజు ఏ జ్యోతిష్కుడూ చెప్పలేడు. అసలు మంచి తేదీ అంటే నా లెక్కలో ఇదే. పెద్ద గద్దె ఒకటి కూలి, దాని ముక్కలు ఇంకా గట్టిపడని రోజు.

ఈయూ 4కి మీరు పెట్టిన 1444 నవంబరు 11 వెనక మీ తెలివి నాకు చాలా ఇష్టం. ముందురోజే వర్నా యుద్ధం అయిపోయింది, హంగరీ పోలండ్ రాజు వ్లాదిస్లావ్ చనిపోయాడు. ఆట తెరవగానే పోలండ్‌కి రాజు లేడు, ఆటోమన్లకి ఎదురు లేదు, కాన్‌స్టాంటినోపుల్ గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఈయూ 3ని మొదట 1453 మే 30న పెట్టారు, అంటే ఆ నగరం పడిపోయిన మర్నాడు. తొమ్మిదేళ్లు వెనక్కి జరిపేసరికి బైజాంటియం బతికొచ్చింది, దాన్ని కాపాడటానికి ప్రపంచమంతా ఎగబడింది. తొమ్మిదేళ్ల తేడాలో ఒక సామ్రాజ్యం ఉండటం, ఊడటం ఆధారపడి ఉంది. ఇంతకంటే తేదీ విలువ గురించి మీకు నేను చెప్పేదేముంటుంది?

మావైపు చూస్తే 1444 కూడా బాగానే ఉంటుంది. విజయనగరంలో రెండో దేవరాయలు, రాజమహేంద్రవరంలో చివరి రోజుల్లో ఉన్న రెడ్డి రాజ్యం, కటకంలో పదేళ్ల కింద గద్దెనెక్కి దక్షిణంవైపు చూస్తున్న కపిలేంద్ర గజపతి. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది.

మీ ఇంకో ఆట విక్టోరియా 3 ఎక్కడ మొదలవుతుంది? 1836 జనవరి 1న. బెల్జియం, గ్రీస్ కొత్తగా పుట్టాయి, టెక్సాస్ తిరగబడుతోంది, రైళ్లు వస్తున్నాయి. యూరప్‌కీ అమెరికాకీ అది ఆరంభం. మాకు అది అన్నీ అయిపోయిన రోజు. కోస్తా, రాయలసీమ ఈస్టిండియా కంపెనీవి. హైదరాబాద్‌లో నిజాం ఉన్నాడు, పక్కనే ఆయన్ని ఆడించే కంపెనీ రెసిడెంటూ ఉన్నాడు. మూడేళ్ల కిందటే గుంటూరు జిల్లా కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. మీరు మాకిచ్చే ఛాయిస్ ఏమిటంటే, కంపెనీగా ఆడటం లేదా కంపెనీ చెప్పినట్టు ఆడటం. రెండో ప్రపంచ యుద్ధం ఆట హార్ట్స్ ఆఫ్ ఐరన్‌కి వస్తే 1936, ఇక దాని గురించి మాట్లాడేందుకు ఏమీ లేదు.

అంటే 1337లో మా ఆట తెరిచి ఉంది. 1836లో మూసేసి ఉంది. మధ్యలో ఎక్కడో తలుపు పడింది. ఎక్కడ పడిందో మీ ఏ ఆటా ఆ రోజుల్లో సరిగ్గా మొదలుపెట్టి చూపించలేదు.

"ఈయూ 5 1836 దాకా నడుస్తుందిగా, పద్దెనిమిదో శతాబ్దం అందులోనే ఉందిగా" అంటారు. ఉంది. 1337లో మొదలుపెట్టి 411 ఏళ్లు ఆడితే 1748 వస్తుంది. అక్కడిదాకా ఎవరు ఉంటారు? 1600 దాటేసరికే ఆటగాడి రంగు సగం మ్యాప్ మీద పరుచుకుని ఉంటుంది, ఇక ఓడిపోయే భయం ఉండదు, టెన్షన్ పోతుంది, కొత్త క్యాంపెయిన్ మొదలుపెడతాడు. విస్తళ్లు ఎత్తేశాక పులుసు తెచ్చినట్టు ఉంటుంది మీ పద్దెనిమిదో శతాబ్దం.

పోనీ ఓపికున్నవాడు ఒకడు అక్కడిదాకా వెళ్లాడనుకోండి. వాడికి కనిపించేది మా పద్దెనిమిదో శతాబ్దం కాదు. నాలుగు వందల ఏళ్లు ఏఐ ఆడేశాక ఔరంగజేబు ఉండడు, ఆయన పంపిన సుబేదార్ల వంశం ఉండదు, కాబట్టి అసఫ్ జా ఉండడు, హైదరాబాద్ రాజ్యం ఉండదు. మరాఠా పీష్వా ఉండడు. మద్రాసులో ఏ విజయనగర సామ్రాట్టో పోర్చుగల్‌తో బేరమాడుతుంటాడు. అదీ సరదాయే, కాదనను. కానీ నిజాం అనేవాడు ఆటలో ఉండాలంటే ఆయన ఉన్న రోజున ఆట మొదలవ్వాలి. వేరే దారి లేదు. ఈయూ 4లో 1444 నుంచి 1821 దాకా ఏ తేదీనైనా ఎంచుకునే వీలుండేది గానీ, ఆ తేదీల బాగోగులు పట్టించుకున్నవాళ్లూ తక్కువే, ఆడినవాళ్లూ తక్కువే. ఈయూ 5లో ఆ వీలు తీసేసి ఒక్క తేదీతో సరిపెట్టారు. మీ కష్టం అర్థమైంది. అన్ని తేదీలూ వద్దు. ఒక్కటి చాలు, దాన్ని నిజంగా చేయండి.

ఇక 1748 సంగతి.

అక్టోబరు 18న యూరప్‌లో ఎక్స్ లా షాపెల్ సంధి మీద సంతకాలయ్యాయి. ఆస్ట్రియా వారసత్వ యుద్ధం ముగిసింది. మర్నాడే ఆట మొదలుపెట్టమంటున్నాను, మీరు వర్నాకి చేసినట్టే. ఆ సంధితో ఎవరికీ కడుపు నిండలేదు. సైలీషియా పోయిందని మరియా థెరీసా రగిలిపోతోంది, అది దక్కిన ఫ్రెడరిక్‌కి నిద్ర పట్టట్లేదు. అమెరికాలో ప్రాణాలు పెట్టి గెలుచుకున్న లూయిస్‌బర్గ్ కోటను ఫ్రాన్స్‌కి తిరిగిచ్చేశారని న్యూ ఇంగ్లండ్ వాళ్లు మండిపడుతున్నారు. పర్షియాలో నాదిర్ షా హత్య జరిగి ఏడాది దాటింది, ఆయన రాజ్యం ఎవరికి దొరికిన ముక్క వాళ్లది. ఆ ముక్కల్లోంచే అహ్మద్ షా దురానీ కాందహార్‌లో కిరీటం పెట్టుకుని పంజాబు మీదికి ఒకసారి వచ్చి కూడా వెళ్లాడు. మధ్య ఆసియాలో జుంగార్ల గద్దె కోసం అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు, పదేళ్లలో ఆ జాతే తుడిచిపెట్టుకుపోతుందని ఎవరూ అనుకోలేదు. బర్మాలో ఆవా రాజు కొన ఊపిరితో ఉన్నాడు, నాలుగేళ్లలో అలౌంగ్‌పాయా లేస్తాడు. కరీబియన్‌లో సాన్ డొమాంగ్ చక్కెర తోటల్లోకి ఆఫ్రికా నుంచి బానిసల ఓడలు వచ్చి పడుతూనే ఉన్నాయి, 1791 తిరుగుబాటుకి మందుగుండు అక్కడ కూరుతున్నారు.

ఇప్పుడు ఇండియా. ఢిల్లీలో మహమ్మద్ షా ఏప్రిల్‌లో చనిపోయాడు. దక్కన్‌లో నిజాముల్ముల్క్ జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. ఆయన కొడుకు నాసర్ జంగ్ గద్దె నాదంటాడు, కూతురి కొడుకు ముజఫ్ఫర్ జంగ్ తాత నాకే రాసిచ్చాడంటాడు. సతారాలో ఛత్రపతి సాహుకి కొడుకుల్లేరు, ఆరోగ్యం బాగాలేదు, ఇంకో పద్నాలుగు నెలలే బతుకుతాడు. మరాఠాల దగ్గర ఏళ్ల తరబడి బందీగా ఉన్న చందా సాహెబ్ విడుదలై కర్ణాటక నవాబు గిరీ మీద కన్నేశాడు. మైసూరు సైన్యంలో హైదర్ అలీ అనే ఒక మామూలు సైనికుడున్నాడు, ఆయన పేరు అక్కడి సేనాధిపతులైన దళవాయిలకి కూడా సరిగా తెలియదు. మద్రాసు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, చదివింది కరెక్టే, ఫ్రెంచివాళ్ల చేతిలోనే. ఇంగ్లీషువాళ్లు పాండిచ్చేరిని ముట్టడించి, వానలు దిగాక, అదే అక్టోబరులో చేతులెత్తేసి వెనక్కి పోయారు. ఆ ముట్టడిలో ఇరవై మూడేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు, కంపెనీ గుమాస్తా ఉద్యోగం వదిలి కత్తి పట్టినవాడు, పేరు రాబర్ట్ క్లైవ్.

యూరప్‌లో సంధి అయిందన్న కబురు ఇక్కడికి ఓడలో రావడానికి నెలలు పడుతుంది. మద్రాసును ఇంగ్లీషువాళ్లకి తిరిగి అప్పగించింది 1749లో. అంటే ఆట తెరిచిన రోజు యూరప్‌లో శాంతి, కోరమాండల్ తీరంలో ఇంకా యుద్ధం. ఇలాంటి మొదటి రోజు మీకు ఇంకెక్కడ దొరుకుతుంది?

తేదీ బాగుంటే చాలు, ఆట బాగుంటుందని అనను. ఇంపరేటర్: రోమ్‌కి మీరు క్రీ.పూ. 304 పెట్టారు. అలెగ్జాండర్ సేనాపతులు ఒకరినొకరు నరుక్కుంటున్న వేళ, సింధు ఒడ్డున చంద్రగుప్తుడూ సెల్యూకసూ ఎదురుబొదురుగా ఉన్న వేళ. అంతకంటే మంచి తేదీ వెతికినా దొరకదు. అయినా ఆట నిలబడలేదు, 2021లో పని ఆపేశారు. ఆ కాలానికి తగ్గ యంత్రాంగం ఆటలో లేకపోతే ఏ తేదీ అయినా బొమ్మే. కాబట్టి 1748కి ఏ యంత్రాంగం కావాలో కూడా చెప్పడం నా బాధ్యత. మా తీరంలో జరిగిన ఒకే ఒక్క సంగతి మీద అది చూపిస్తాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది.

మీ ఆటల్లో సైన్యం ఖర్చు అంటే పైన మూలనుండే ఒక అంకె. నెలకింత పోతుంది. డబ్బు లేకపోతే అప్పు బటన్ నొక్కుతాం, లేదా స్లైడర్ తగ్గిస్తాం. ఇప్పుడు హైదరాబాద్ చూడండి. నాసర్ జంగ్‌ని 1750 డిసెంబరులో సొంత పక్షంలోని నవాబులే చంపించారు. ముజఫ్ఫర్ జంగ్ గద్దెనెక్కి హైదరాబాదుకి బయల్దేరాడు, రెండు నెలలైనా గడవకముందే కడప సీమలో అదే నవాబులతో గొడవలో పోయాడు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాపతి బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ని నిజాం చేశాడు. ఇక సలాబత్ జంగ్ గద్దె నిలబడింది బుస్సీ తుపాకుల మీద. ఆ తుపాకులు పట్టినవాళ్లకి జీతాలివ్వాలి. ఖజానాలో లేదు. బకాయిలు పెరిగాయి, సిపాయిలు గొణిగారు. 1753లో బుస్సీ బేరం తేల్చాడు: జీతాల కింద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్ల, అంటే అప్పటి జిల్లాల, శిస్తు ఫ్రెంచివాళ్లకి.

ఒక్క యుద్ధం లేకుండా, జీతాల బాకీ కింద, కోస్తా చేతులు మారింది. మీ ఆటలో ఇది జరిగే వీలు ఉందా?

కథ అక్కడితో ఆగలేదు. శిస్తు రాసిచ్చినంత మాత్రాన వసూలైపోదు, జమీందార్లు కట్టాలి. బుస్సీ విజయనగరం విజయరామరాజుని దగ్గరకి తీశాడు. ఆయనకీ బొబ్బిలి వాళ్లకీ పాత పగ. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోటకి గురిపెట్టాయి. లోపలివాళ్లు ఆడవాళ్లనీ పిల్లలనీ శత్రువుకి చిక్కనివ్వకుండా తామే చంపుకొని, గోడల మీద చచ్చేదాకా పోరాడారు. కొన్ని రోజులకే తాండ్ర పాపారాయుడు రాజుగారి డేరాలోకి దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. ఈ కథ మాకు పాటగా తెలుసు, సినిమాగా తెలుసు. దాని వెనక జీతాల బాకీ ఉందని మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. విశాఖపట్నం వాళ్ల నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లని రమ్మన్నాడు. మద్రాసు వాళ్లు మావల్ల కాదన్నారు. బెంగాల్లో క్లైవ్ సరేనన్నాడు, కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. పాండిచ్చేరిలో లాలీ అనే కొత్త ఫ్రెంచి గవర్నరు బుస్సీని దక్షిణానికి వెనక్కి పిలిపించుకున్నాడు.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. ఎత్తుగా ఎదిగిన మొక్కజొన్న చేను అడ్డమొచ్చి ఇంగ్లీషువాళ్ల తెల్ల సోల్జర్లు కనపడలేదు. ఎర్ర కోట్లు వేసుకున్న సిపాయిలని చూసి వీళ్లే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు అటు దూకారు, పక్కనుంచి అసలువాళ్లు దిగారు. ఫ్రెంచివాళ్లు చిత్తుగా ఓడారు. నాలుగు నెలలకి మచిలీపట్నం కోట పడింది. దాన్ని విడిపించడానికని సైన్యంతో వచ్చిన సలాబత్ జంగ్ జరిగింది చూసి ఇంగ్లీషువాళ్లతోనే సంధి చేసుకున్నాడు. 1766 కల్లా గుంటూరు తప్ప సర్కార్లన్నీ కంపెనీ పాలు. చందుర్తి మీదుగా ఈ రోజుకీ బస్సులో వెళ్లేవాళ్లు బొబ్బిలి గురించి గంటసేపు చెప్పగలరు గానీ కిటికీ బయట ఏం జరిగిందో చెప్పలేరు, అది వేరే ఉత్తరం.

ఈ పదమూడేళ్ల గొలుసులో ఎక్కడైనా తెగి ఉండొచ్చు. సలాబత్ జంగ్ సాహుకార్ల దగ్గర అప్పు పుట్టించుకుని ఉంటే? బుస్సీ బొబ్బిలి పక్షం వహించి ఉంటే? లాలీ ఆయన్ని అక్కడే ఉండనిచ్చి ఉంటే? ఇవి ఆటగాడు నిర్ణయించాల్సిన ప్రశ్నలు. పెద్ద యుద్ధాల్లో ఎవరు గెలిచారన్నదానికంటే నాకు ఇవే ముఖ్యంగా కనిపిస్తాయి. దీనికి మీరు చేయాల్సింది, సైనికుల జీతాన్ని పై మూల అంకెలోంచి బయటికి తీసి ఒక బేరంగా మార్చడం. బాకీ పడితే బంగారం బదులు ఏ జిల్లా శిస్తు రాసివ్వాలో ఆటగాడు తేల్చుకోవాలి. రాసిచ్చింది తిరిగి తెచ్చుకోవడం కష్టమవ్వాలి.

రెండోది, ఒక ప్రావిన్సుకి ఒక రంగు అన్న పద్ధతి. అది 1748లో నడవదు. గోదావరి పాయల్లో ఒక ఊరు తీసుకోండి. పేరుకి ఢిల్లీ పాదుషాది, నిజంగా నిజాంది, వసూలు చేసేది జమీందారు, అతని కింద ఇంకొకడు. పక్కనే యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు, అందరూ బట్టలకి నేతగాళ్లకి అడ్వాన్సులిస్తున్నారు. దక్కన్‌లో ఇంకా లోపలికి పోతే నిజాం ఊళ్లలోంచి మరాఠాలు చౌత్ కింద నాలుగో వంతు, సర్దేశ్‌ముఖి కింద పదో వంతు పట్టుకుపోతున్నారు. ఒకే పొలం మీద ఇంతమందికి హక్కు. ఏ రంగు వేస్తారు? మీరు క్రూసేడర్ కింగ్స్‌లో ఫ్యూడల్ మెట్లు కట్టగలిగారు, విక్టోరియాలో కంపెనీని దేశంలా నడిపించారు. ఆ రెండూ కలిపితే దారి దొరుకుతుందని నా ఊహ.

మూడోది చిన్నది. మతాన్ని పొత్తులకి కొలతగా పెట్టే అలవాటు ఇక్కడ మానుకోండి. ఇబ్రహీం ఖాన్ గార్దీ బుస్సీ దగ్గర ఫిరంగుల పని నేర్చి, నిజాం కొలువు చేసి, చివరికి పానిపట్టులో మరాఠాల తరఫున పోరాడి దురానీ చేతిలో చనిపోయాడు. ఆ మనిషికి మీ ఆటలో ఏ ప్లస్సు, ఏ మైనస్సు వేస్తారో నాకు చూడాలనుంది.

మీ వైపు నుంచి అభ్యంతరాలుంటాయి. 1748 నుంచి 1836 దాకా 88 ఏళ్లే, చాలా తక్కువ అంటారు. హార్ట్స్ ఆఫ్ ఐరన్ కథంతా పది పన్నెండేళ్లది, జనం దాన్ని వేల గంటలు ఆడుతున్నారు. పైగా ఇది సరిగ్గా విక్టోరియా మొదలయ్యే రోజుకి వచ్చి అతుక్కుంటుంది, సేవ్ గేమ్ అటు మార్చుకునే సౌకర్యం పెడితే మీ ఖజానాకే మంచిది. బ్రిటన్ ఎలాగూ గెలుస్తుంది, ఇక ఆటేముంది అంటారు. మద్రాసు కూడా చేతిలో లేని బ్రిటన్ గెలుస్తుందని 1748లో ఎవరు పందెం కాస్తారు? ఇప్పటికే ఎంపైర్: టోటల్ వార్ ఉంది, అందులో మరాఠాలున్నారు అంటారు. ఉన్నారు, ఆ ఆట నాకూ ఇష్టమే. కానీ అది 1700లో మొదలవుతుంది, అప్పటికి ఔరంగజేబు బతికే ఉన్నాడు. పైగా దాని ప్రాణమంతా యుద్ధరంగంలో ఉంది, దర్బారులో లేదు.

బానిసల వ్యాపారం, 1770 బెంగాల్ కరువు, వీటిని ఏం చేయాలన్నది మాత్రం తేలిక ప్రశ్న కాదు. నా మాట ఒక్కటే: దాచొద్దు. కంపెనీగా ఆడేవాడికి శిస్తు తగ్గించకుండా వసూలు చేసే బటన్ ఇవ్వండి, దాని కింద చచ్చిపోయినవాళ్ల లెక్క జనాభా పట్టికలో కనిపించనివ్వండి. ఈయూ 5లో జనాభాని మనిషి మనిషిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు కదా, దానికి ఇంతకంటే ముఖ్యమైన పని లేదు.

సమాచారం దొరకదని అనొద్దు. 1337కి మీకు దొరికింది కొన్ని తామ్రశాసనాలు, కొన్ని శిలాశాసనాలు, ఇబ్న్ బతూతా లాంటి ప్రయాణికుల మాటలు. 1748కి కంపెనీల లెక్కల పుస్తకాలు మూడు భాషల్లో ఉన్నాయి, పుణెలో పీష్వాల దఫ్తరం ఉంది. పాండిచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాషీగా ఉన్న ఆనందరంగ పిళ్లై రోజూ ఏం జరిగిందో తమిళంలో రాసి పెట్టాడు, ఎవరు ఎవరికి ఎంత లంచమిచ్చారో కూడా. ఇక మా ఊళ్ల సంగతులు కావాలంటే కంపెనీ సర్వేయరు మెకంజీ తెప్పించుకున్న కైఫీయతులున్నాయి. ఏ ఊరు ఏ జమీందారు కింద ఎన్నాళ్లుందో, ఏ చెరువు ఎవరు తవ్వించారో ఊరివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసినవి. ఇవి చదివిపెట్టడానికి తెలుగువాళ్లం ఉన్నాం, జీతం ఇస్తే బాగుంటుంది, ఇవ్వకపోయినా మాడ్‌లు, అంటే మీ ఆటకి సొంత మార్పులు, చేసే మా కుర్రాళ్లు ఎలాగూ చదువుతారు. మీరు కొత్త ఆట చేయలేమనుకుంటే ఈయూ 5లోనే రెండో తేదీ పెట్టుకునే వీలు మాడ్‌లకి పూర్తిగా తెరిచి పెట్టండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ఒక్క కోరిక మాత్రం మీరే తీర్చాలి. ఆట తెరవగానే సిఫారసు చేసే దేశాల వరుస ఒకటి చూపిస్తారు కదా. బ్రిటన్, ఫ్రాన్స్, మరాఠాలు, హైదరాబాద్, అవన్నీ ఎలాగూ ఉంటాయి. ఆ వరుస చివర, చాలా కష్టం అని రాసి, ఒక ప్రావిన్సు కూడా పూర్తిగా తనది కాని బొబ్బిలిని పెట్టండి. దానికొక అచీవ్‌మెంట్ కూడా ఇవ్వండి. షరతు ఒక్కటే: 1757 జనవరి 25 తెల్లారేసరికి కోట బొబ్బిలి వాళ్ల చేతిలోనే ఉండాలి.

ఇట్లు,
గోదావరి జిల్లా నుంచి ఒక ఆటగాడు